అక్రిలిక్ అక్వేరియం బయటి గోడను దేనితో తుడవాలి?

రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పేసి, చేపల తొట్టె పక్కన నిలబడి, ఫోను టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్కవాటుగా వేసి చూడండి. గాజులా తేటగా ఉండే అక్రిలిక్ అనే ప్లాస్టిక్ తొట్టె కొని ఏడాది దాటితే చాలు, సన్నని గీతలు వందల కొద్దీ తళుక్కుమంటాయి. గమనిస్తే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. దాదాపు అన్నీ విల్లులా వంగి ఉంటాయి. మోచేతిని కదపకుండా ముంజేతిని అటూ ఇటూ ఆడిస్తే గుడ్డ నడిచే దారి సరిగ్గా అదే. ఆ గీతలు పిల్లలు గీసినవి కావు, పెంపుడు పిల్లి గీసినవీ కావు. తుడిచిన చేయి గీసినవి.

నా మొదటి అక్రిలిక్ తొట్టె మీద ఆ విల్లులు చూసిన రాత్రి నుంచి నా లెక్క మారింది. దుమ్ము పట్టి పాడైపోయిన తొట్టెను నేను ఇంతవరకు చూడలేదు. తుడిచి తుడిచి మసకబారిపోయినవి మాత్రం చాలా చూశాను. అందుకని ఏ గుడ్డ, ఏ ద్రవం, ఏ పాలిష్ అని ఇక్కడ పోల్చేటప్పుడు మరక ఎంత చప్పున పోయిందన్నది నేను పెద్దగా పట్టించుకోను. పోయాక గోడ ఎలా మిగిలిందన్నదే చూస్తాను.

ముందు మీది అక్రిలికేనా?

మన షాపుల్లో దొరికే తొట్టెల్లో ఎక్కువ భాగం గాజువే. గాజయితే ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో సగం మీకు అక్కర్లేదు. కాబట్టి ముందు అది తేల్చుకోండి. పైఅంచును చూడండి. మామూలు గాజు అంచు ఆకుపచ్చగా ఉంటుంది, అక్రిలిక్ అంచు రంగు లేకుండా తేటగా ఉంటుంది. తర్వాత మూలలు చూడండి. గాజు పలకలను కలిపేది సిలికాన్, అది రబ్బరు పట్టీలా కంటికి ఆనుతుంది. అక్రిలిక్ మూలలో ఒకే పలక వంపు తిరిగి ఉంటుంది, లేదా అతుకు కనీకనిపించకుండా ఉంటుంది. గోటితో కొడితే గాజు ఖంగుమంటుంది, అక్రిలిక్ మొద్దుగా టక్కుమంటుంది. ఖాళీ తొట్టె అయితే ఎత్తి చూస్తే చాలు, అదే మందం గాజు బరువులో అక్రిలిక్ సగం కూడా తూగదు.

ఒక చుక్క నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం వేసి, మెత్తబడితే అక్రిలిక్ అని తేల్చుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నిజమే, తేలుతుంది. మచ్చ కూడా మిగులుతుంది. వద్దు.

బయటి గోడకే ఎందుకింత పట్టింపు?

అక్వేరియం గురించి మాట్లాడేవాళ్లంతా లోపలి పాచి గురించే మాట్లాడతారు. నిజానికి కంటికి ఎక్కువగా గుచ్చుకునేది బయటి గీత. కారణం కాంతి వంగే తీరు. ఒక పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం అక్రిలిక్‌కు 1.49, నీళ్లకు 1.33, గాలికి 1. లోపలివైపు గీత పడితే ఆ సందులోకి నీళ్లు చేరతాయి. నీళ్లకూ అక్రిలిక్‌కూ తేడా తక్కువ కాబట్టి గీత సగం దాగిపోతుంది. బయటి గీతలో ఉండేది గాలి. దానికీ అక్రిలిక్‌కూ మధ్య తేడా చాలా ఎక్కువ, అందుకే లైటు వెలిగించగానే ప్రతి గీతా మెరుస్తుంది. తొట్టెను నీళ్లతో నింపాక లోపలి గీతలు మాయమయ్యాయని సంబరపడినవాళ్లు, బయటి గీతలు మాత్రం అలాగే ఉన్నాయేమిటని అడగడానికి కారణం ఇదే.

గట్టిదనం విషయానికొస్తే, ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద గాజు అయిదున్నర దగ్గర ఉంటే అక్రిలిక్ మూడుకు అటూ ఇటూ ఉంటుంది. వీధిలోంచి కిటికీ గుండా వచ్చి వాలే దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం ఏడు. గాజుకే గీత పెట్టగల సరుకది, అక్రిలిక్ దానికి ఒక లెక్క కాదు.

మూడోది అందరూ మరచిపోయే సంగతి. నీళ్లు నిండిన తొట్టె ఊరికే నిలబడి ఉండదు, లోపలి నుంచి నిరంతరం తోపు పడుతూనే ఉంటుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు ఉన్న ముందు పలక మీద నీళ్లు మోపే మొత్తం బలం దాదాపు 90 కిలోల బరువుకు సమానం. బాగా ఒళ్లున్న మనిషి ఒకరు రాత్రింబవళ్లు ఆ పలకకు చేరగిలబడి ఉన్నారనుకోండి. అలా బిగువులో ఉన్న అక్రిలిక్‌కు స్పిరిట్ లాంటిది తగిలితే, ఖాళీగా పడి ఉన్న ముక్కకు ఏమీ కానిచోట కూడా దీనికి లోపల సన్నని నెర్రెలు విచ్చుకుంటాయి. అందుకే “మా ఇంట్లో అక్రిలిక్ ముక్క మీద రాసి చూశాను, ఏమీ కాలేదు” అన్న మాటను తొట్టె విషయంలో నమ్మడానికి వీల్లేదు.

గుడ్డల్లో ఏది?

మైక్రోఫైబర్ గుడ్డే నా మొదటి ఎంపిక. పాలిస్టర్, పాలిఅమైడ్ పోగులను చీల్చి నేస్తారు కాబట్టి ఆ సందుల్లో దుమ్ము ఇరుక్కుపోతుంది, గోడ మీద దొర్లదు. అయితే కొన్న గుడ్డను కొన్నట్టు వాడకండి. అంచున కుట్టిన చిన్న లేబుల్ ముక్క గట్టిగా ఉంటుంది, దాన్ని కత్తిరించేయండి. అంచు కుట్టు గరుకుగా ఉంటే గుడ్డను నాలుగు మడతలు వేసి కుట్టు లోపలికి పోయేలా పట్టుకోండి. ఉతికేటప్పుడు తువ్వాళ్లతో కలపకండి, వాటి నూగంతా దీనికి పడుతుంది. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం కూడా వద్దు, అది పోగుల మీద పూతలా పట్టి గుడ్డను మొద్దుబారుస్తుంది. కారు తుడిచిన గుడ్డ, బండి తుడిచిన గుడ్డ ఎంత బాగా ఉతికినా తొట్టె దగ్గరికి రానివ్వకండి. ఒకసారి నేల మీద పడిన గుడ్డ ఆ పూటకు పనికిరాదు. ఇది చాదస్తంగా అనిపిస్తే, పడిన గుడ్డను మళ్లీ టార్చి వెలుగులో దులిపి చూడండి.

దీనికి దీటుగా నిలిచేది మన ఇళ్లలోనే ఉంది. వంద ఉతుకులు ఉతికిన పాత పంచె, లేదా పల్చబడిన బనియన్. నూలు తడిని బాగా పీలుస్తుంది, మెత్తగా ఉంటుంది, ఖర్చు లేదు. రెండే షరతులు. గంజి పెట్టిన పంచె వద్దు, ఆరిన గంజి గరుకు. జరీ అంచు ఉంటే ఆ భాగం చించి పారేయండి. చీర కొంగుతోనో చున్నీతోనో ఒక్కసారి అలా తుడిచేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. జరీ, చమ్కీలు, పూసలు అన్నీ అక్రిలిక్ పాలిట గోళ్లే. నూలుకు ఉన్న లోటల్లా వేలిముద్రల జిడ్డును పూర్తిగా తీయలేకపోవడం, అక్కడ మైక్రోఫైబర్‌దే పైచేయి. తడి దుమ్ముకు నూలు, జిడ్డుకూ ఆఖరి మెరుగుకూ మైక్రోఫైబర్ అని నేను పని పంచేశాను.

టిష్యూ కాగితం చేతికి మెత్తగానే ఉంటుంది. కానీ అది చెక్క గుజ్జుతో చేసింది, అక్రిలిక్‌కు ఆ పీచు గరుకే. వార్తాపత్రిక ముక్కను తడిపి అద్దాలు తుడవడం మన పాత పద్ధతి, గాజుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా. ఆ అలవాటే అక్రిలిక్ కొంప ముంచుతుంది. గిన్నెలు తోమే స్పాంజికి రెండు ముఖాలుంటాయి, ఆకుపచ్చ ముఖం సంగతి చెప్పనక్కర్లేదు. తెల్లగా చాక్‌పీసు ముక్కలా ఉండే మెలమైన్ స్పాంజిని కొందరు లోపలి పాచి తీయడానికి వాడతారు. బయట మెరిసే గోడ మీద రుద్దితే సన్నని మసక మిగులుస్తుంది, ఎందుకంటే అది మరకను తుడిచేది కాదు, అరగదీసేది.

గోడకు లోపలా బయటా ఒక్కో ముక్క అయస్కాంతంతో అతుక్కునే తుడుపుల విషయంలో ఒక హెచ్చరిక. లోపలి ముక్క పాచిని గీకుతుంటే బయటి ముక్క దానితోపాటే గోడ మీద జారుతుంది కదా. ఆ బయటి ముక్క అడుగున ఉన్న ఫెల్ట్ మెత్తకు దుమ్ము పడుతుంది. ఆ దుమ్ముతోనే వారం వారం బయటి గోడంతా ఇస్త్రీ చేస్తున్నట్టవుతుంది. లోపల ఇసుక రేణువు ఇరుక్కుంటుందేమోనని అందరూ భయపడతారు, బయటి మెత్త వైపు ఎవరూ చూడరు. వాడే ముందు బయటి గోడను తడిగుడ్డతో తుడిచి, మెత్తను తిప్పి వేలితో తడిమి చూసి, అప్పుడు పెట్టండి. వాడాక తొట్టెకు అలాగే అతికించి వదిలేయకండి.

ద్రవాల్లో ఏది?

నూటికి ఎనభై సార్లు జవాబు మంచినీళ్లే. అయితే ఏ నీళ్లు అన్నది ముఖ్యం. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 500 మిల్లీగ్రాముల కరిగిన లవణాల దాకా మంచిదంటుంది, వేరే నీటి వసతి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. మన ఊళ్లలో చాలా బోర్లు ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటాయి. లెక్క వేద్దాం. లీటరుకు 800 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లతో తుడిచి పది మిల్లీలీటర్ల తడిని గోడ మీద ఆరిపోనిస్తే ఎనిమిది మిల్లీగ్రాముల ఉప్పు అక్కడే మిగులుతుంది. తెల్లటి చారలుగా కనిపించేది అదే. వాటిని పోగొట్టడానికి మళ్లీ అవే నీళ్లతో తుడుస్తాం, మళ్లీ చారలు. ఆ చారలు పోలేదని గట్టిగా రుద్దుతాం, గీతలు. ఈ గొడవ నుంచి బయటపడే దారి చవకైనది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి తెచ్చి పెట్టుకోండి. బ్యాటరీ షాపుల్లోనూ చాలా పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతుంది, నెలల తరబడి వస్తుంది. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉంటే ఆ నీళ్లూ ఫరవాలేదు. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా డిస్టిల్డే కదా అని పట్టుకునేవాళ్లున్నారు. లవణాలు ఉండవు, నిజమే. ఏసీ కాయిల్ మీది దుమ్మూ జిగటా ఉంటాయి.

తొట్టెలోని నీళ్లతోనే బయట తుడిచేద్దామనే ఆలోచన సులువుగా వస్తుంది, సబ్బు భయం లేదు కదా అని. మంచినీటి తొట్టెలో కూడా ఆ నీళ్లు ఆరితే మరక పడుతుంది. సముద్రపు చేపలు పెంచేవాళ్లయితే అసలు తలపెట్టకండి, ఆరిన ఉప్పు స్ఫటికాలు గోడ మీద గరుకు కాగితంలా తయారవుతాయి. అంచుల్లో పేరుకునే ఉప్పును కూడా పొడిగా గీకకూడదు. తడిగుడ్డ పరచి ఐదు నిమిషాలు ఉంచితే తనంతట తానే కరుగుతుంది.

నీళ్లకు లొంగనిది జిడ్డు. వేలిముద్రలు, వంటింటి పక్కనే తొట్టె ఉంటే తాలింపు ఆవిరి, దేవుడి గూటికి దగ్గరగా ఉంటే అగరుబత్తి పొగ, దీపం మసి. దీనికి గిన్నెలు కడిగే ద్రవం సరిపోతుంది. కానీ లీటరు నీటికి ఒక్క చుక్క, రెండు కూడా ఎక్కువే. గుడ్డ ముంచి, నీరు కారనంతగా పిండి తుడవాలి, వెంటనే డిస్టిల్డ్ నీళ్ల గుడ్డతో మరోసారి తుడవాలి. సబ్బులోని పదార్థాలు చేపల మొప్పల మీది జిగురు పొరను దెబ్బతీస్తాయి. అందుకే పైఅంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు వరకు సబ్బు నీళ్లు వద్దు, అక్కడ ఉత్త నీళ్లే. సబ్బు పొడి, వంటసోడా, బూడిద, గిన్నెలు తోమే పౌడరు ఇవన్నీ ఒకే జాతి. ఇత్తడి చెంబుకు అవి కావాలి గానీ తొట్టెకు వద్దు.

అక్రిలిక్ కోసమే తయారు చేసిన ద్రవాలు కొనాలా? నోవస్ కంపెనీ వరసలో మొదటి నంబరు సీసా ఈ పనికే ఉంది. మురికి తీస్తుంది, మెరుపు ఇస్తుంది, స్థిర విద్యుత్తును తగ్గిస్తుంది. ఈ చివరి గుణమే నాకు నచ్చింది. అక్రిలిక్‌ను పొడిగుడ్డతో రుద్దితే విద్యుదావేశం పుట్టి, తుడిచిన పది నిమిషాలకే దుమ్మును మళ్లీ పిలుచుకుంటుంది. గాలి పొడిగా ఉండే చలికాలంలో ఇది మరీ ఎక్కువ. పెద్ద తొట్టె, హాల్లో అందరి కళ్ల ముందు ఉండే తొట్టె అయితే ఆ సీసా డబ్బు దండగ కాదు. పడకగదిలో చిన్న తొట్టె అయితే నీళ్ల గుడ్డే చాలు.

ఇక దూరం పెట్టాల్సినవి. గాజు తుడిచే రంగు ద్రవాలు చాలావాటిలో ఆల్కహాలో, అమ్మోనియానో, వస్తువులను కరిగించే మరేదైనా ద్రావణియో ఉంటుంది. సీసా మీద అక్రిలిక్‌కు పనికొస్తుందని రాసి ఉంటే తప్ప వాడకండి. స్పిరిట్, శానిటైజర్, థిన్నర్, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం, పెట్రోలు వీటికి మినహాయింపు కూడా లేదు. ఎందుకో కళ్లారా చూడాలంటే అక్రిలిక్ బోర్డులు చేసే షాపుకు వెళ్లండి. కుర్రాడు సిరంజిలో క్లోరోఫాం తీసుకుని రెండు పలకలు కలిసేచోట సూది మొన ఆనించి లాగుతాడు. ద్రవం సందులోకి దానంతటది పాకుతుంది. వేరే జిగురేమీ ఉండదు. రెండు అంచులూ కాస్త కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఆరాక ఒకటే పలక. అక్రిలిక్‌కు ద్రావణితో ఉన్న సంబంధం అలాంటిది. స్పిరిట్ అంత ఘాటైనది కాకపోయినా ఆ వంశానిదే. కోవిడ్ రోజుల్లో కౌంటర్ల మీద పెట్టిన పారదర్శక అడ్డుపలకలు గుర్తున్నాయా? పూటకోసారి శానిటైజర్‌తో తుడిచినచోట కొన్నాళ్లకు అంచుల్లో వెంట్రుకవాసి నెర్రెలు విచ్చాయి.

నా అనుభవం కూడా అలాంటిదే. ఒక షాపులో మార్కర్ గీత పడిన చిన్న తొట్టెను కొన్నాను. “స్పిరిట్ పెట్టి తుడవండి, పోతుంది” అన్నారు. పోయింది. నెల తిరిగేసరికి కింది అతుకు పక్కన, దీపం ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే కనిపించేలా, చేప పొలుసుల్లాంటి మెరుపులు లేచాయి. వేలితో తడిమితే ఏమీ తగలదు. గీతలనుకుని పాలిష్ కూడా పెట్టాను. గీతకూ నెర్రెకూ తేడా అప్పుడే తెలిసింది. గీత పైన ఉంటుంది, గోరుకు ఆనుతుంది, పాలిష్‌కు లొంగుతుంది. నెర్రె లోపల ఉంటుంది, గోరుకు ఆనదు, దేనికీ లొంగదు.

తెల్ల మరక, స్టిక్కరు జిగురు

బోరు నీళ్ల తెల్ల మరకకు వంటింటి తెల్ల వెనిగర్ సరిపోతుంది. సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి, మరక మీద పరచి ఐదు నిమిషాలు వదిలేయండి. రుద్దొద్దు, కరగనివ్వండి. సున్నపు మరక పలుచని ఆమ్లానికి కరుగుతుంది, అక్రిలిక్‌కు దానివల్ల హాని లేదు. తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో తుడవండి. మొండి మరకకు రెండు మూడు విడతలు పడుతుంది. నిమ్మకాయ కూడా పనిచేస్తుంది గానీ తొనల పీచు, జిగట అంటుకుంటాయి. చింతపండు మాట ఎత్తకండి, ఆ గుజ్జులో ఇసుక రాదని ఎవరూ పూచీ పడలేరు. మరుగుదొడ్లకు వాడే యాసిడ్ చేపలున్న గదిలో మూత కూడా తీయకూడదు.

స్టిక్కరు జిగురుకు కొబ్బరి నూనె. వేలితో రాసి అరగంట ఆగితే జిగురు ఉండలు కడుతుంది, బొటనవేలితో దొర్లిస్తే వచ్చేస్తుంది. మిగిలిన జిడ్డును ఆ ఒక్క చుక్క సబ్బు నీళ్లు తీస్తాయి. బ్లేడు, కత్తి మొన, స్టీలు స్కేలు వద్దు. హెయిర్ డ్రయ్యరు దగ్గరగా పెట్టి వేడి చేయడమూ వద్దు, నూరు డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా అక్రిలిక్ మెత్తబడుతుంది.

పడిన గీతల సంగతి

ఇక్కడ తొందరపడితే ఉన్న గీత కంటే పెద్ద గాయం అవుతుంది. గోరు అడ్డంగా లాగి చూడండి. ఆనకపోతే అది పైపైనే ఉంది. నోవస్ రెండో నంబరు లాంటి సన్నని గీతల పాలిష్ చాలు, గుడ్డతో చేత్తో రుద్దడమే. గోరు ఆగితే అదే వరసలో మూడో నంబరు, ఆ తర్వాత రెండు, ఆఖరున ఒకటి. టూత్‌పేస్టు చిట్కా ఇంటింటా ఉంది. అదీ సన్నని రాపిడి పదార్థమే కాబట్టి కొంత పనిచేస్తుంది. కానీ ఏ పేస్టులో రేణువు ఎంత గరుకో ట్యూబు మీద రాసి ఉండదు. ఒక గీత తీసి అరచేయంత మసక పెట్టే అవకాశం ఎక్కువ. చాలా కారు పాలిష్‌లలో పెట్రోలియం ద్రావణులు ఉంటాయి, అవీ వద్దు.

లోతైన గీతకు వాటర్ పేపర్ అనే గరుకు కాగితం పట్టాలి. విమానాల అక్రిలిక్ కిటికీల కోసం పుట్టిన మైక్రో మెష్ అనే వరస 1500 నుంచి 12000 దాకా మెట్లు మెట్లుగా ఉంటుంది, అంకె పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. ఎప్పుడూ తడిగా రుద్దాలి, ప్రతి మెట్టుకూ దిశ మార్చాలి. మొదట అడ్డంగా రుద్దితే తర్వాతిది నిలువుగా. అలా చేస్తే ముందు మెట్టు గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. గీత ఉన్నచోటే గుంట పడేలా రుద్దితే అక్కడ చేప వంకరగా కనిపిస్తుంది, కాబట్టి చుట్టూ వెడల్పుగా పరచి రుద్దాలి. మెషిను పెడితే వేడికి అక్రిలిక్ కరిగి పూసుకుపోతుంది, చేత్తోనే చేయాలి. తొట్టె పైభాగాన్ని ప్లాస్టిక్ షీటుతో కప్పి టేపు వేయండి, రాలిన పాలు లాంటి నీళ్లు లోపల పడకూడదు.

ఇంత పని ఒక గీతకు అవసరమా? నన్నడిగితే ముందు పలక నడిమధ్య ఉంటే తప్ప వద్దు. పక్క పలక మీద గీత ఉంటే నేను దాన్ని చూడటం మానేస్తాను, పాలిష్ కన్నా అది చవక.

నేను తుడిచే తీరు

వారానికి ఒకసారి, అంతే. రోజూ తుడిచే తొట్టె త్వరగా మసకబారుతుంది. ముందు ఉంగరం, వాచీ తీసేస్తాను. మా ఇంట్లో వేరేవాళ్లు తుడిస్తే గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంటారు. ఏదైనా వాసన ఉన్న ద్రవం వాడాల్సి వస్తే గాలి పంపు ఆపేస్తాను. ఎందుకంటే ఆ పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. దోమల మందు కొట్టినా, గదికి సువాసన చల్లినా అదంతా బుడగలై చేపల దగ్గరికే వెళుతుంది. పంపు మళ్లీ వేయడం మరచిపోకుండా తుడిచిన గుడ్డను దాని స్విచ్చి మీదే వేలాడదీస్తాను, పూర్తిగా పిండిన తర్వాతే. స్ప్రే సీసా ఉన్నా తొట్టె మీద ఎప్పుడూ కొట్టను, గుడ్డ మీదే కొడతాను.

మొదటి గుడ్డ నూలుది, కాస్త తడి ఎక్కువగా. పై నుంచి కిందికి ఒక్క లాగు, బరువు పెట్టకుండా, గుడ్డ తన బరువుతో తాను జారుతున్నట్టు. అడుగుకు చేరగానే మడత తిప్పి కొత్త ముఖంతో పక్క వరస. చుట్లు తిప్పి రుద్దను. పొరపాటున ఒక రేణువు ఇరుక్కున్నా నిలువు గీత కంటికి అంతగా తెలియదు, వలయాలు అయితే లైటు చుట్టూ సాలెగూడులా మెరుస్తాయి. నాలుగు ముఖాలు అయిపోతే గుడ్డను నీళ్లలో జాడిస్తాను. దుమ్ము బాగా ఉన్న రోజుల్లో, ముఖ్యంగా దీపావళి మరునాడు, తుడవడానికి ముందే తడిగుడ్డను గోడకు అంటించి ఊరికే ఎత్తుతాను. రుద్దకుండానే సగం దుమ్ము దానితో వచ్చేస్తుంది. తర్వాత మైక్రోఫైబర్, డిస్టిల్డ్ నీళ్లతో కొద్దిగా తడిపి. ఆఖరున పొడి మైక్రోఫైబర్‌తో అద్దడమే. మొత్తం పది నిమిషాలు.

ఎవరికి ఏది?

ఇప్పుడే తొట్టె కొన్నవాళ్లు రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక డిస్టిల్డ్ వాటర్ డబ్బాతో మొదలుపెట్టండి, ఇంకేమీ కొనకండి. బోరు నీళ్ల ఇల్లయితే వెనిగర్ సీసా ఒకటి జత చేయండి. చిన్నపిల్లలున్న ఇల్లయితే వేలిముద్రలు రోజూ పడతాయి, అయినా రోజూ తుడవకండి. వచ్చే చుట్టాలు చేపలను చూస్తారు గానీ వేలిముద్రలు లెక్కపెట్టరు. పెద్ద తొట్టె, ఖరీదైనది ఉన్నవాళ్లు అక్రిలిక్ ద్రవం కొనండి. పనిమనిషి తుడిచే ఇళ్లలో అయితే గుడ్డ, నీళ్ల సీసా తొట్టె కిందే ఒక డబ్బాలో పెట్టి, ఇవి తప్ప మరేదీ వద్దని ఒక్కసారి చేసి చూపించండి. కిటికీలు తుడిచే సీసా కళ్లెదుట ఉంటే ఎవరైనా అదే తీసుకుంటారు, అది వాళ్ల తప్పు కాదు. ఎండ నేరుగా పడే చోటున్న తొట్టెను మాత్రం పొద్దెక్కాక తుడవకండి, తడి చేయి తీసేలోపే ఆరి చారలు మిగులుతాయి.

అతుకుల పక్కన పొలుసుల మెరుపులు కనిపించి, అవి నెల నెలకూ పొడవవుతుంటే మాత్రం ఏ గుడ్డా, ఏ ద్రవమూ ఎంచుకోవాల్సిన పని లేదు. నీటి మట్టం సగానికి దించి, చేపలకు వేరే చోటు చూడండి. నా స్పిరిట్ తొట్టెకు అదే చేశాను. ఇప్పుడది బాల్కనీలో ఉంది, అందులో మట్టి నింపి పుదీనా వేశాం.